మెగ్నీషియం అదును: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మెగ్నీషియం మీద వచ్చిన ఉత్తరాలన్నీ ఈ నెల ఒకచోట చేర్చాం. ఊళ్లు వేరు, యంత్రాలు వేరు, పేచీ మాత్రం ఒకటే: బలం కోసం కలిపిన మూలకమే వేడి మీద సాగదీసేటప్పుడు అడ్డం తిరుగుతోంది. అదును అంటే లోహాన్ని పగలకుండా పనిచేయించగల వేడి, కింది హద్దు నుంచి పై హద్దు దాకా. చోటు కోసం ప్రశ్నలను కుదించాం. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో, శాతాలన్నీ బరువు లెక్కన.

ప్రశ్న: మా ఎక్స్‌ట్రూషన్ ప్రెస్‌లో (వేడి లోహాన్ని డై రంధ్రం గుండా తోసి పొడుగాటి సెక్షన్లు తీసే యంత్రం) ఇన్నాళ్లూ అల్యూమినియం 6063 సెక్షన్లు తీశాం. మెగ్నీషియం కొత్త. ఏజెడ్31 అనే మెగ్నీషియం మిశ్రలోహం బాగానే వచ్చింది. బలం ఎక్కువని ఏజెడ్80 పోత బిల్లెట్లు (దిమ్మెలు) తెప్పించి, అదే 400 డిగ్రీలకు వేడిచేసి, నిమిషానికి 5 మీటర్ల చొప్పున తీస్తే అంచుల వెంట రంపం పళ్లలా అడ్డ బీటలు. వేడి చాలలేదేమోనని 420కి పెంచితే ఇంకా ఎక్కువయ్యాయి. (ప్రెస్ ఆపరేటర్, బాలానగర్)

వేడి చాలక కాదండీ, ఎక్కువై పగిలింది. ముందు బీటల తీరు చూడండి. మొదటి ఒకటి రెండు మీటర్లు శుభ్రంగా వచ్చి, డై వేడెక్కాక మొదలై, ఇంచుమించు సమానమైన ఎడంతో, పలచని అంచుల మీదే పడుతున్నాయా? అయితే అవి గ్రెయిన్ల (లోహంలోని చిన్న స్ఫటికాల) సరిహద్దుల్లో లోహం కరిగి విడిపోయిన బీటలు. చల్లగా ఉండి పగిలేదైతే ప్రెస్ గేజీ ముందే పైకెళ్లి కూర్చుంటుంది, సెక్షన్ మూతి దగ్గరే చీలుతుంది. వేడి పెంచితే మీ బీటలు పెరిగాయన్నారు కాబట్టి ఇక అనుమానం అక్కర్లేదు.

ఏజెడ్31లో అల్యూమినియం 3 శాతం, జింకు 1 శాతం. ఏజెడ్80లో అల్యూమినియం 8 శాతం, జింకు అర శాతం. పోత గట్టిపడేటప్పుడు అల్యూమినియం ముందుగా గడ్డకట్టే లోహంలో తక్కువ ఇముడుతుంది, మిగిలిన ద్రవంలో పోగవుతూ పోతుంది. ఆ ఆఖరి చిక్కటి ద్రవం 437 డిగ్రీల దగ్గర గ్రెయిన్ల సందుల్లో గడ్డకడుతుంది. 17 మెగ్నీషియం పరమాణువులకు 12 అల్యూమినియం పరమాణువులున్న పెళుసు సమ్మేళనం అక్కడే పుడుతుంది. పోత బిల్లెట్‌ను తిరిగి 437కి తీసుకెళ్లారంటే ఇటుకలు గట్టిగా ఉండగానే మధ్యలో సున్నం కరిగిపోయిన గోడ అన్నమాట. ఏజెడ్31లోనూ ఆ సందుల పదార్థం కొద్దిగా ఉంటుంది కానీ, బిల్లెట్ కాగుతుండగానే చాలావరకు లోపలికి ఇమిడిపోతుంది.

‘మేం పెట్టింది 400 కదా, 437 ఎక్కడిది?’ అంటారు. లెక్క చూద్దాం. వేడి మీద ఏజెడ్80ని సాగదీయడానికి సుమారు 80 మెగాపాస్కల్ ఒత్తిడి పడుతుందనుకోండి. బిల్లెట్ అడ్డకోత వైశాల్యాన్ని సెక్షన్ వైశాల్యంతో భాగిస్తే (ఇదే వైశాల్య నిష్పత్తి) 25 వచ్చిందనుకుంటే, దాని సహజ లాగరిథమ్ 3.2. రెండూ గుణిస్తే ఘన సెంటీమీటరుకు సుమారు 256 జూళ్ల పని. ఇందులో పదింట తొమ్మిది వంతులు వేడిగానే మారుతుంది. ఆ ఉష్ణోగ్రతలో ఘన సెంటీమీటరు మెగ్నీషియం ఒక డిగ్రీ వేడెక్కడానికి 2 జూళ్లు చాలు. అంటే వేడి ఎటూ పోకపోతే 115 డిగ్రీల పెరుగుదల. సగం డైలోకీ కంటైనర్‌లోకీ (ప్రెస్‌లో బిల్లెట్‌ను పట్టి ఉంచే గొట్టం) పోయిందనుకున్నా 400 మీద 60 డిగ్రీలు, మొత్తం 460. డై బేరింగు (సెక్షన్ రాసుకుంటూ బయటికొచ్చే డై అంచు) దగ్గర రాపిడి వేడి దీనికి అదనం. ఏజెడ్31 కరగడం మొదలయ్యేది 566 దగ్గర కాబట్టి అదే 460 దాన్ని ఏమీ చేయలేదు.

ఇలా చేయండి. బిల్లెట్లను 260 దగ్గర కొలిమిలో పెట్టి, కనీసం రెండు గంటలు తీసుకుని 400–410కి ఎక్కించండి. అక్కడ 16 నుంచి 24 గంటలు ఉంచండి. తొందరపడి నేరుగా 410లో పడేస్తే సందుల పదార్థం ఇమడకముందే కరిగి, చల్లారాక అక్కడ బొక్కలు మిగులుతాయి. ఆ బిల్లెట్‌ను ఇక ఏం చేసినా బాగుచేయలేం. 400 దాటినప్పుడు కొలిమి గాలిలో 3 శాతం కార్బన్ డయాక్సైడ్ గానీ 0.7 శాతం సల్ఫర్ డయాక్సైడ్ గానీ ఉండాలి. ఇలా మగ్గిన బిల్లెట్ కరగడం మొదలయ్యే హద్దు 437 నుంచి 490 దాకా లేస్తుంది. తర్వాత ప్రెస్‌లో బిల్లెట్ 330–350 దగ్గర, సెక్షన్ వేగం నిమిషానికి ఒకటి, మహా అయితే రెండు మీటర్లు. ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ప్రెస్ టన్నేజీ సరిపోతుందో లేదో ముందే చూసుకోండి.

ఈ వేగం చూసి మీకు నీరసం రావచ్చు. ఏజెడ్31ని నిమిషానికి పది మీటర్లు, జాగ్రత్తగా ఉంటే అంతకన్నా ఎక్కువ కూడా తీయొచ్చు. 6063 అయితే ఇంకా ఎన్నో రెట్లు. ఏజెడ్80 తీసి 177 డిగ్రీల్లో 16 గంటలు ఏజింగ్ చేస్తే (తక్కువ వేడిలో చాలాసేపు ఉంచి గట్టిపరిస్తే) ఈల్డ్, అంటే లోహం శాశ్వతంగా రూపు మారడం మొదలయ్యే ఒత్తిడి, 275 మెగాపాస్కల్ దాకా వస్తుంది. ఏజెడ్31 సెక్షన్‌కు 200. మధ్యలో ఏజెడ్61 ఉంది: ఈల్డ్ 230, కరగడం 525 దగ్గర, వేగం నిమిషానికి మూడు నాలుగు మీటర్లు. మీ భాగానికి 230 చాలితే ఏజెడ్80 జోలికి పోవద్దనే మా సలహా. ప్రెస్ గంటల ఖర్చు కలిపితే ఆ 45 మెగాపాస్కల్ చాలా ఖరీదు.

ఇంకో మాట. అల్యూమినియం నడిపిన కంటైనర్‌లోనే మెగ్నీషియం పెడుతున్నారా? లైనర్‌కు (కంటైనర్ లోపలి తొడుగుకు) అల్యూమినియం పొర అంటుకుని ఉంటే, ఆ రెండూ కలిసిన చోట మళ్లీ అదే 437 డిగ్రీల మిశ్రమం తయారవుతుంది. బిల్లెట్‌లో మూడే శాతం అల్యూమినియం ఉన్నా పైపొరలో చారలూ బొబ్బలూ వస్తాయి. లైనర్‌ను గీకి శుభ్రం చేశాకే మొదలుపెట్టండి. అలాగే డైలో ఇరుక్కున్న మెగ్నీషియాన్ని అల్యూమినియం లాగా కాస్టిక్ తొట్టిలో వేస్తే కరగదు. క్షారానికి మెగ్నీషియం లొంగదు.

ప్రశ్న: వేడి ఎక్కువైతే కరిగి పగలడం అర్థమైంది. చల్లగా ఉంటే ఎందుకు పగలాలి? ఏదైనా మూలకం కలిపి మామూలు గదిలోనే వంగేలా చేయలేమా? (మెటలర్జీ విద్యార్థిని, వరంగల్)

తమలపాకుల కట్టను పక్కకు తోస్తే ఆకు మీద ఆకు జారుతుంది. అదే కట్టను పైనుంచి అదిమితే ఏ ఆకూ జారదు. మెగ్నీషియం స్ఫటికం షడ్భుజాకారం, పరమాణువులు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. గది వేడిలో ఈ అడుగు పొరల మీద జారడం చాలా సులువు. మిగతా తలాల మీద జారాలంటే దానికి ఎన్నో పదుల రెట్లు బలం కావాలి. లోహం పగలకుండా ఎటు కావాలంటే అటు రూపు మారాలంటే ఐదు స్వతంత్రమైన జారుడు మార్గాలుండాలి. అడుగు పొర ఇచ్చేవి రెండే. 225 డిగ్రీలు దాటాక మిగతా తలాలూ కదులుతాయి. మెగ్నీషియాన్ని వేడి మీదే పనిచేయించాలనడానికి మూలం ఇదే. ఈ కింది హద్దుకూ, పైన చెప్పిన కరిగే హద్దుకూ మధ్య ఉన్నదే ఆ మిశ్రలోహం అదును.

కలిపే మూలకాలన్నీ ఈ రెండు హద్దుల్లో దేన్నో ఒకదాన్ని కదిలిస్తాయి, చాలాసార్లు రెండిటినీ. అల్యూమినియం, జింకు పై హద్దును కిందికి లాగుతాయి. ఇట్రియం, గడోలినియం దాన్ని అంతగా దించవు, ఎందుకంటే వాటి చివరి ద్రవం గడ్డకట్టేదే 540–570 మధ్య. కానీ అవి వేడి మీద కూడా లోహాన్ని గట్టిగా ఉంచుతాయి కాబట్టి కింది హద్దు పైకి లేస్తుంది. ఇట్రియం ఉన్న డబ్ల్యూఈ43 లాంటి మిశ్రలోహాలకు బిల్లెట్ వేడి 400 పైనే ఉండాలి, ఒత్తిడీ ఎక్కువే.

కింది హద్దును దించే మూలకాలూ ఉన్నాయి. లిథియం 5.5 శాతం దాటితే రెండో రకం స్ఫటిక నిర్మాణం మొదలవుతుంది. 11 శాతం దాటితే మొత్తం క్యూబ్ ఆకారపు స్ఫటికంలోకి మారిపోయి, గది వేడిలోనే రేకులా చుట్టుకుంటుంది. అలాగని సంబరపడడానికి లేదు. బలం పడిపోతుంది, తుప్పు పెరుగుతుంది, కరిగించడానికి జడవాయువు కావాలి. రెండో దారి సీరియం, నియోడిమియం, గడోలినియం లాంటివి రవ్వంత కలపడం. స్వచ్ఛమైన మెగ్నీషియంలో 0.2 శాతం సీరియం వేసి ఎక్స్‌ట్రూషన్ చేస్తేనే సాగుదలలో స్పష్టమైన తేడా వస్తుంది. ఇక్కడ జరిగేది బలం పెరగడం కాదు. మామూలుగా రోలింగ్ చేస్తే స్ఫటికాల అడుగు పొరలన్నీ రేకుకు సమాంతరంగా పడుకుంటాయి, తమలపాకుల కట్టలన్నీ ఒకే దిక్కున సర్దినట్టు. ఈ మూలకాలు ఆ సర్దుబాటును చెదరగొడతాయి. ఏ దిక్కున లాగినా జారడానికి సిద్ధంగా కొన్ని స్ఫటికాలు దొరుకుతాయి. అంతేగానీ ఏజెడ్31 రేకును గదిలోనే మడుస్తామంటే కుదరదు. పూర్తిగా అనీల్ చేసినదైనా (కాచి మెత్తబరచినదైనా) మడత వ్యాసార్థం మందానికి అయిదారు రెట్లు ఉండాలి. 260 డిగ్రీల్లో రెండు రెట్లు చాలు.

ప్రశ్న: ఏజెడ్31 కడ్డీలను 170 డిగ్రీల్లో ఒక రోజంతా ఏజింగ్ చేశాం. హార్డ్‌నెస్ కదల్లేదు. కొలిమి లోపమా? (హీట్ ట్రీట్‌మెంట్ షాపు, విశాఖపట్నం)

కొలిమిది తప్పు కాదు. ఏజింగ్‌లో గట్టిపడాలంటే వేడి మీద ఎక్కువ కరిగి, చల్లారాక బయటికి తోసేయాల్సిన మూలకం ఉండాలి. మెగ్నీషియంలో అల్యూమినియం 437 దగ్గర 12.7 శాతం దాకా కరుగుతుంది, వేడి తగ్గేకొద్దీ రెండు మూడు శాతానికి పడిపోతుంది. ఏజెడ్31లో ఉన్నదే మూడు. తోసేయడానికి ఏముంది?

ఏజెడ్80లో మిగులు ఉంది కాబట్టి కొంత ఫలితం ఉంటుంది. అదీ ఊహించినంత కాదు. బయటికొచ్చే సమ్మేళనం సన్నటి పలకలుగా అడుగు పొరకు సమాంతరంగా పడుకుంటుంది. జారే పొర ఆ పలకల పక్కనుంచి తప్పించుకుంటుంది, దారి పొడుగునా పడుకున్న గేదెను తప్పించుకుని బండి పోయినట్టు. జింకుతో వచ్చే పుల్లల్లాంటి రేణువులు పొరలకు నిలువుగా నిలబడతాయి, అందుకే తక్కువ మోతాదులోనే ఎక్కువ అడ్డుకుంటాయి. జింకు, జిర్కోనియం ఉన్న జెడ్‌కె60 మిశ్రలోహాన్ని 150 డిగ్రీల్లో 24 గంటలు ఏజింగ్ చేస్తే ఈల్డ్ 300 దాకా ఎక్కడం అందువల్లే. నియోడిమియం, ఇట్రియం, గడోలినియం పలకలు నిలువు తలాల మీద పుడతాయి కాబట్టి అడ్డుకోవడంలో వాటిది ఇంకా పైచేయి. పైగా 200 డిగ్రీల్లోనూ మెత్తబడవు.

ఏజెడ్31లో బలం పెంచాలంటే గ్రెయిన్‌ను సన్నబరచడమొక్కటే దారి, ఆ దారి మెగ్నీషియంలో భలే పనిచేస్తుంది. గ్రెయిన్ వ్యాసం మైక్రాన్లలో తీసుకుని, దాని వర్గమూలంతో 280ని భాగిస్తే గ్రెయిన్ సరిహద్దుల వల్ల వచ్చే బలం మెగాపాస్కల్‌లో వస్తుంది. 25 మైక్రాన్లయితే 56. నాలుగు మైక్రాన్లయితే 140. ఏ మూలకమూ కలపకుండానే 84 మెగాపాస్కల్ లాభం. అల్యూమినియంలో ఆ 280 స్థానంలో ఉండేది 70 లోపే, అందుకే అక్కడ ఈ కిటుకుకు అంత విలువ లేదు. గ్రెయిన్ సన్నబడాలంటే వీలైనంత తక్కువ వేడిలో, ఎక్కువ వైశాల్య నిష్పత్తితో తీయాలి. బయటికొచ్చిన వెంటనే గాలి తగిలేలా ఫ్యాన్లు పెట్టాలి. టేబుల్ మీద వేడిగా వదిలేస్తే గ్రెయిన్లు మళ్లీ పెరుగుతాయి.

ప్రశ్న: ఏజెడ్31 ఎక్స్‌ట్రూడెడ్ గొట్టాన్ని కాలుగా పెట్టి స్టాండు చేశాం. డేటా షీటులో ఈల్డ్ 200 అని ఉంది. అందులో సగం బరువుకే కాలు కూరుకుపోయింది. సరుకు నకిలీదా? (డిజైనర్, హైదరాబాద్)

సరుకు అసలుదే కావచ్చు. షీటులో ఉన్న 200 లాగినప్పటి ఈల్డ్. మీరు నొక్కారు. ఏజెడ్31 సెక్షన్‌ను పొడుగు వెంట నొక్కితే ఈల్డ్ 95–100 మాత్రమే. ఎక్స్‌ట్రూషన్‌లో స్ఫటికాల నిలువు అక్షాలు కడ్డీకి అడ్డంగా తిరిగిపోతాయి. అప్పుడు పొడుగు వెంట నొక్కితే స్ఫటికం జారకుండా, ఒక పక్క అద్దంలో ప్రతిబింబంలా తిరగబడుతుంది. దాన్నే ట్విన్నింగ్ అంటారు. దానికి చాలా తక్కువ బలం చాలు. లాగినప్పుడు ఈ తిరగబాటు కుదరదు.

మూలకాల పాత్ర ఇక్కడే తేలిపోతుంది. ఏజింగ్ చేసిన ఏజెడ్80లో లాగితే 275, నొక్కితే 240. జెడ్‌కె60లో 305కు 250. రేణువులు, సన్నటి గ్రెయిన్లు ట్విన్నింగ్‌ను అడ్డుకోవడం వల్ల తేడా తగ్గింది. నొక్కుడు పడే భాగాలకు మెగ్నీషియం ఎంచుకునేటప్పుడు ఆ రెండో అంకె కనబడని డేటా షీటును పక్కన పెట్టేయండి.

ప్రశ్న: గ్రెయిన్ సన్నబడుతుందని చదివి ఏజెడ్91 (అల్యూమినియం ఉన్న పోత మిశ్రలోహం) కరుగులో జిర్కోనియం మాస్టర్ అల్లాయ్ (జిర్కోనియం ముందే కలిపిన ముద్ద) వేశాం. ఏ తేడా లేదు, మూస (కరిగించే పాత్ర) అడుగున మడ్డి మాత్రం పెరిగింది. (ఫౌండ్రీ సూపర్‌వైజర్)

ఆ మడ్డే మీ జిర్కోనియం. అల్యూమినియం, మాంగనీస్, సిలికాన్, ఇనుము, వీటిలో ఏదున్నా జిర్కోనియం దానితో గట్టి సమ్మేళనమై అడుగుకు దిగిపోతుంది. జిర్కోనియం గ్రెయిన్‌ను సన్నబరుస్తుందని 1937లో జర్మనీలో సావర్‌వాల్డ్ కనిపెట్టిన దగ్గర్నుంచీ మెగ్నీషియం మిశ్రలోహాలు రెండు కులాలుగా చీలిపోయాయి: అల్యూమినియం ఉన్నవి, జిర్కోనియం ఉన్నవి. వియ్యం కుదరదు. జెడ్‌కె60 కరిగించేటప్పుడు 730–780 మధ్య వేసి, బాగా కలియబెట్టి, పది పదిహేను నిమిషాలు తేరనిచ్చి పోయండి. ఆలస్యం చేస్తే అదీ అడుగుకు చేరుతుంది. ద్రవంలో ఇమిడేది 0.6 శాతమే. ఏజెడ్91 పోసిన మూసను శుభ్రం చేయకుండా జెడ్‌కె60కి వాడినా ఇదే నష్టం.

జెడ్‌కె60 గురించి ఒక హెచ్చరిక. జింకుతో పుట్టే చివరి ద్రవం 340 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. మగ్గబెట్టని పోత బిల్లెట్‌ను 380లో ప్రెస్‌లోకి తోస్తే ఏజెడ్80 కంటే అధ్వానంగా పగులుతుంది. బాగా మగ్గాక హద్దు 520కి ఎక్కుతుంది. ఆర్క్ వెల్డింగ్‌లో పగలడానికీ ఆ తక్కువ వేడిలో కరిగే ద్రవమే కారణం, కాబట్టి వెల్డింగ్ పడే భాగానికి జెడ్‌కె60 వద్దు.

ప్రశ్న: కాల్షియం కలిపితే మెగ్నీషియం అంటుకోదనీ, సాగుతుందనీ అంటున్నారు. ఎంత కలపాలి?

దేనికి కలుపుతున్నారన్నదాన్ని బట్టి. రేకు సాగుదల కోసం 0.2 నుంచి 0.5 శాతం, జింకుతో జోడీగా. పైన చెప్పిన సీరియం లాగే స్ఫటికాల సర్దుబాటును చెదరగొడుతుంది, ధర మాత్రం అందులో పిసరంత. మంటకు తట్టుకోవాలంటే మోతాదు పెరగాలి, ఒక శాతం ఆ పైన. ద్రవం మీద కట్టే ఆక్సైడ్ పొర చిక్కబడుతుంది. కానీ ఒక శాతం దాటితే పోతలో వేడి బీటలు, అచ్చుకు అంటుకోవడం మొదలవుతాయి. అల్యూమినియం కూడా ఉంటే కాల్షియం దాన్ని పట్టుకుని గ్రెయిన్ల సందుల్లో వలలాంటి గట్టి సమ్మేళనం కడుతుంది. 150 డిగ్రీల్లో నిలకడగా బరువు మోసే గేరు పెట్టెకు ఈ వల వరం. ఫోర్జింగ్‌కు (వేడి ముక్కను అదిమి రూపుదిద్దడానికి) శాపం. వల విరగకుండా లోహం కదలదు, విరిగిన ముక్కల పక్కన సందులు తెరుచుకుంటాయి.

తగరం సంగతి వేరు. దాని చివరి ద్రవం 561 దగ్గర గడ్డకడుతుంది కాబట్టి అదును పైవైపు విశాలం. తగరం 3, కాల్షియం 2 శాతం ఉన్న మిశ్రలోహం మీద చాలా పరిశోధన జరిగింది.

ప్రశ్న: 6 మి.మీ. ఏజెడ్31 పలకను 2 మి.మీ.కి రోలింగ్ చేస్తున్నాం. ప్రతిసారీ రెండంచులూ పీలికలవుతున్నాయి. కొలిమి 400లోనే ఉంది.

కొలిమి 400లో ఉంది సరే, రోలర్ల మధ్య రేకు ఎంతలో ఉంది? మెగ్నీషియం ఘన సెంటీమీటరుకు పట్టుకునే వేడి ఉక్కు పట్టుకునే దాంట్లో సగం. చల్లటి రోలర్లు తగలగానే పలచటి రేకు వేడి చటుక్కున దిగిపోతుంది, అంచులు ముందు దిగుతాయి. 225 కిందికి పోయిన అంచు పగలక ఏం చేస్తుంది? రోలర్లను 100–150 డిగ్రీలకు వెచ్చబెట్టండి. కొలిమి నుంచి రోలర్ దాకా ఉన్న దూరాన్ని తగ్గించండి. మొదటి రెండు దఫాలు మందంలో 10–15 శాతమే తగ్గించి, పోత గ్రెయిన్లు విరిగాక 20–25కి వెళ్లండి. ప్రతి దఫాకూ కొలిమిలో పెట్టాల్సిందే, పలకకు 15 నిమిషాలు, రేకుకు అయిదారు. చిన్న బీట కనబడగానే అంచు కత్తిరించేయండి, వదిలేస్తే తర్వాతి దఫాలో వేలెడు లోపలికి పాకుతుంది. ఆఖరున 345 డిగ్రీల్లో గంట అనీల్.

రెండు అంచుల్లో ఒకటే పగులుతుంటే మాత్రం వేడి కాదు, రోలర్ల ఎడం సరిచూసుకోండి.

ప్రశ్న: మిశ్రలోహానికో ‘ప్రాసెసింగ్ మ్యాప్’ ఉంటుందట. షాపులో దాన్ని ఎలా వాడాలి? (ఫోర్జింగ్ ఇంజినీరు)

బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో వై.వి.ఆర్.కె. ప్రసాద్ గారు పెంచి పోషించిన పద్ధతి ఇది. దీనికి పునాది వేసిన వ్యాసం 1984లో వచ్చింది. తర్వాత హాంకాంగ్‌లో కె.పి. రావు గారితో కలిసి మెగ్నీషియం మిశ్రలోహాలెన్నింటికో ఈ పటాలు గీశారు. అడ్డం ఉష్ణోగ్రత, నిలువు రూపుమార్పు వేగం. చిన్న స్తంభాలను వేర్వేరు వేడిల్లో, వేర్వేరు వేగాల్లో నొక్కి కొలుస్తారు. వేగం పదింతలైతే ఒత్తిడి 40 నుంచి 60కి పెరిగిందనుకోండి. 60ని 40తో భాగించి 10 ఆధారంగా లాగరిథమ్ తీస్తే 0.176. దాన్ని రెట్టింపు చేసి 1.176తో భాగిస్తే 0.30. అంటే ఆ బిందువు దగ్గర సామర్థ్యం 30 శాతం. పటం మీద గీతలన్నీ ఈ అంకెలే. 30–50 మధ్య గుట్టలా లేచిన చోట సాధారణంగా కొత్త గ్రెయిన్లు పుడుతుంటాయి, అక్కడ పనిచేయడం మేలు. విడిగా మసకవేసి చూపే ప్రాంతంలో లోహం ఒకేచోట తెగ జారి పట్టీలు కడుతుంది, అటు పోకూడదు.

మీ యంత్రం పటంలో ఎక్కడుందో కనుక్కోవాలి. ఎక్స్‌ట్రూషన్‌లో రూపుమార్పు వేగానికి చిన్న సూత్రం: ర్యామ్ (బిల్లెట్‌ను తోసే కడ్డీ) వేగాన్ని 6తో, వైశాల్య నిష్పత్తి సహజ లాగరిథమ్‌తో గుణించి కంటైనర్ వ్యాసంతో భాగించండి. 100 మి.మీ. కంటైనర్, నిష్పత్తి 25, సెక్షన్ నిమిషానికి 2 మీటర్లు అయితే ర్యామ్ సెకనుకు 1.33 మి.మీ. లెక్కిస్తే రూపుమార్పు వేగం సెకనుకు పావు వంతు. అదే సెక్షన్ వేగం 10 మీటర్లయితే 1.3. హైడ్రాలిక్ ప్రెస్ ఫోర్జింగ్ ఈ ప్రాంతంలోనే ఉంటుంది. సుత్తి దెబ్బ వందల్లోకి పోతుంది, అందుకే ఏజెడ్80ని సుత్తితో కొడితే పగులుతుంది, అదే ముక్క ప్రెస్‌లో చెక్కుచెదరదు.

రెండు జాగ్రత్తలు. ఎత్తైన గుట్ట కనబడినంత మాత్రాన మంచి చోటని నమ్మొద్దు, సన్నటి సందులు తెరుచుకునే చోట కూడా అంకె పెరుగుతుంది. ఆ వేడిలో నొక్కిన ముక్కను మైక్రోస్కోప్ కింద చూసే తేల్చుకోవాలి. రెండు, పోత బిల్లెట్ మీద గీసిన పటం ఎక్స్‌ట్రూడెడ్ బిల్లెట్‌కు పనికిరాదు. ఫోర్జింగ్‌లో రెండు మూడు దశలుంటే ప్రతి దశకూ వేడి 15–20 డిగ్రీలు తగ్గించుకుంటూ రండి. లేకపోతే ముందు దశలో సన్నబడిన గ్రెయిన్లు తర్వాతి కాగుడులో మళ్లీ ముదురుతాయి.

ప్రశ్న: ఇనుము, నికెల్ ఎందుకు అంత తక్కువ ఉండాలంటారు? బలం తగ్గుతుందా?

బలానికి సంబంధం లేదు, తుప్పుకు. ఏజెడ్91డీలో ఇనుము 0.005, నికెల్ 0.002 శాతం మించకూడదు. మాంగనీస్ కలిపేది ప్రధానంగా ఇనుమును పట్టుకుని అడుగుకు దించడానికే. నికెల్ ఉన్న స్టెయిన్‌లెస్ మూసలు, గరిటెలు కరుగు దగ్గరికి రానివ్వకండి.

ప్రశ్న: అల్యూమినియం హీట్ ట్రీట్‌మెంట్‌కు మా దగ్గర నైట్రేట్ ఉప్పు తొట్టి ఉంది. మెగ్నీషియం ముక్కలు కూడా అందులోనే వేడిచేయొచ్చా?

వద్దు. పేలుతుంది. నైట్రేట్ తొట్టి ఉన్న గదిలోకి మెగ్నీషియం ముక్క పొరపాటున కూడా రాకుండా రెండిటి బుట్టలకూ వేర్వేరు రంగులు వేయండి, వేడిచేయడానికి గాలి కొలిమి వాడండి. కొలిమి నేల మీద ఇనుప పొక్కులు, రజను రాలి ఉంటే ముందు ఊడ్చండి, కరిగిన మెగ్నీషియం చుక్క వాటి మీద పడితే అదీ భగ్గుమంటుంది. మండితే నీళ్లు కొట్టకూడదు. పొడి గ్రాఫైట్ గానీ, లోహాల మంటలకు తయారుచేసిన పొడి గానీ పారతో మెల్లగా కప్పాలి, విసిరితే మండే రజను ఎగిరిపడుతుంది. లేత్ కింద పోగయ్యే సన్నటి తురుమును ఏ పూటకా పూట తీసి, తడి తగలకుండా మూతున్న ఇనుప డబ్బాలో ఉంచండి.